మీ ఫోనుకు, ల్యాప్‌టాప్‌కు కరెంటు: ప్రయాణంలోనూ క్యాంపులోనూ తీసుకోవలసిన జాగ్రత్తలు

ఇంటి నుండి గల్ఫ్‌కు బయలుదేరే ప్రతి ఒక్కరి బ్యాగులోనూ ఇప్పుడు ఒక ఫోను, ఒక చార్జరు, ఒక పవర్ బ్యాంకు తప్పకుండా ఉంటున్నాయి. పిల్లల చదువు కోసమో, తమ పని కోసమో కొందరు ల్యాప్‌టాప్ కూడా తెచ్చుకుంటున్నారు. ఇంటివాళ్ళతో మాట్లాడాలన్నా, జీతం బ్యాంకులో పడిందో లేదో చూసుకోవాలన్నా, అకామా లేక ఎమిరేట్స్ ఐడీ కాగితాల ఫోటో చూపించాలన్నా ఫోనే దిక్కు. అది ఆగిపోతే మనిషి ఒంటరి అయిపోతాడు. అందుకే రాత్రి పది దాటాక క్యాంపు గదిలో చూస్తే ప్రతి మంచం దగ్గరా ఒక వైరు వేలాడుతూ ఉంటుంది.

ఈ వైర్ల సంగతే ఇక్కడ వివరంగా రాస్తున్నాము. ఇందులో ఎలక్ట్రీషియన్ చదువు ఏమీ అవసరం లేదు. చార్జరు మీద ఉన్న నాలుగు ముక్కలు చదవడం వస్తే చాలు.

ముందుగా, చార్జరు మీద ఏమి రాసి ఉందో చూడండి

మీ చార్జరును తిప్పి చూస్తే చిన్న అక్షరాలతో ఇంగ్లీషులో ఇన్‌పుట్ అనే మాట, దాని పక్కన కొన్ని అంకెలు ఉంటాయి. అక్కడ 100-240 అనీ, 50/60 అనీ ఉంటే ఆ చార్జరు ఏ దేశంలోనైనా పనిచేస్తుంది. ఫోను, ల్యాప్‌టాప్, కెమెరా చార్జర్లలో దాదాపు అన్నీ ఇప్పుడు ఇలాగే వస్తున్నాయి. 100-240 అంటే వోల్టేజి. 50/60 అంటే కరెంటు సెకనుకు ఎన్నిసార్లు అటూ ఇటూ పూర్తి చుట్టు తిరుగుతుందో తెలిపే లెక్క. దానిని హెర్ట్జ్ అంటారు.

ఇండియాలో ఇళ్ళకు వచ్చేది 230 వోల్టులు, 50 హెర్ట్జ్. యూఏఈ, కువైట్, ఖతర్, ఒమన్, బహ్రెయిన్‌లలో కూడా 230 నుండి 240 వోల్టులు, 50 హెర్ట్జ్. కాబట్టి ఈ ఐదు దేశాలకు వచ్చేవారు వోల్టేజి గురించి బెంగ పెట్టుకోనక్కరలేదు. ఇక్కడ తేడా ప్లగ్గు ఆకారంలోనే.

సౌదీ అరేబియా సంగతి కొంచెం వేరు. అక్కడ 60 హెర్ట్జ్. పాత భవనాలలో ఒకే గోడ మీద 127 వోల్టుల సాకెట్టు, 220 వోల్టుల సాకెట్టు రెండూ కనబడతాయి. 2010లో అక్కడి ప్రభుత్వం అంతటా 230 వోల్టులకు మారాలని నిర్ణయించి దశలవారీగా మార్చుకుంటూ వస్తోంది. అయినా పాత ఇళ్ళలో పాత సాకెట్లు ఉంటాయి. 100-240 అని ఉన్న చార్జరు రెండింటిలోనూ పనిచేస్తుంది. కానీ సెకండ్ హ్యాండ్ బజారులో చవకగా దొరికిన సామాను మీద 110 అని మాత్రమే ఉంటే దానిని 220 సాకెట్టులో పెట్టకండి, వెంటనే కాలిపోతుంది. సౌదీ నుండి అలాంటి సామాను ఇంటికి పంపినా అదే గతి. ఇండియాలో దానికి తగిన కరెంటు లేదు.

ప్లగ్గు తేడా, అగ్గిపుల్ల అలవాటు

మన దేశంలో ప్లగ్గుకు గుండ్రటి పిన్నులు ఉంటాయి. ఇక్కడ ఉన్నది బ్రిటిష్ పద్ధతి ప్లగ్గు. మూడు పలకల పిన్నులు, పైన ఒకటి నిలువుగా, కింద రెండు అడ్డంగా. మలేషియా, సింగపూర్‌లకు వెళ్ళేవారికి కూడా ఇదే.

ఈ సాకెట్టులో కింది రెండు రంధ్రాలకు లోపల చిన్న తలుపులు ఉంటాయి. పైన ఉన్న పొడుగు పిన్ను, అంటే ఎర్త్ పిన్ను, లోపలికి వెళ్తేనే ఆ తలుపులు తెరుచుకుంటాయి. చిన్నపిల్లలు మేకులు, పుల్లలు దూర్చకుండా చేసిన ఏర్పాటు ఇది. మనవాళ్ళు ఏమి చేస్తారో అందరికీ తెలిసిందే. పై రంధ్రంలో అగ్గిపుల్లో, పెన్ను మూతో, చెంచా కాడో దూర్చి తలుపు తెరిచి, ఇండియా నుండి తెచ్చిన రెండు పిన్నుల చార్జరును కిందికి నెట్టేస్తారు. చార్జింగ్ ఎక్కుతుంది. "ఇంత సులువైన దానికి అడాప్టరు డబ్బులెందుకు?" అంటారు.

ఎందుకో చెబుతాము. పలక పిన్నుల కోసం చేసిన బిగింపులో గుండ్రటి పిన్ను సరిగ్గా కూర్చోదు. ఒక అంచున మాత్రమే తగులుతూ ఉంటుంది. కరెంటు ఇరుకు చోట నుండి పోతున్నప్పుడు ఆ చోటు వేడెక్కుతుంది. వైరు కదిలినప్పుడల్లా లోపల చిన్న చిన్న నిప్పురవ్వలు వస్తాయి. చిటపట శబ్దం, కాలిన ప్లాస్టిక్ వాసన, సాకెట్టు చుట్టూ గోధుమరంగు మచ్చ కనబడ్డాయంటే అక్కడ ఈ పని జరుగుతున్నట్టే. పైగా నెట్టి నెట్టి లోపలి బిగింపు వదులైపోతుంది. తర్వాత అదే సాకెట్టులో మంచి ప్లగ్గు పెట్టినా వేడెక్కుతుంది. ఇక చెంచా కాడ దూర్చేవారు తమ ప్రాణంతోనే ఆడుకుంటున్నారు. ఎర్త్ వైరింగ్ సరిగ్గా లేని భవనాలు చాలా ఉన్నాయి.

ఇంకో సంగతి. బ్రిటిష్ పద్ధతి ప్లగ్గు లోపల ఒక చిన్న ఫ్యూజు ఉంటుంది. చిన్న సామానుకు 3 యాంపియర్లది ఎర్ర రంగులో, కెటిల్, ఇస్త్రీపెట్టె వంటి వాటికి 13 యాంపియర్లది గోధుమ రంగులో వస్తుంది. వైరు మీద భారం ఎక్కువైతే ముందు ఆ ఫ్యూజు పోయి వైరును కాపాడుతుంది. అగ్గిపుల్ల పద్ధతిలో ఆ ఫ్యూజు లేదు. ఫ్యూజు పోతే దాని చోట సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టి పెట్టేవారు కూడా ఉన్నారు. ఫ్యూజు పోవడమే దాని పని. వెండి కాగితం పోదు, వైరే కాలుతుంది.

అన్నిటికంటే మంచిది, ఇక్కడి ప్లగ్గుతోనే వచ్చే యూఎస్‌బీ చార్జరు ఒకటి కొనుక్కోవడం. మీ ఫోను వైరు దానికే తగులుతుంది. ల్యాప్‌టాప్ ఉన్నవారికి ఒక చిట్కా. ల్యాప్‌టాప్ చార్జరులో నల్ల డబ్బాకూ గోడకూ మధ్య ఉండే వైరు చాలావాటిలో ఊడి వస్తుంది. ఆ ఒక్క ముక్కను ఇక్కడి ప్లగ్గు ఉన్నదిగా కొనుక్కుంటే అడాప్టరే అక్కరలేదు. పాత వైరు తీసుకుని షాపుకు వెళ్ళి దానితో సరిపోల్చి కొనండి. ఇంటికి వెళ్ళేటప్పుడు మళ్ళీ పాతది తగిలించుకోవచ్చు.

అడాప్టరు కొనక తప్పకపోతే, అది ఆకారం మాత్రమే మారుస్తుంది, వోల్టేజి మార్చదు అని గుర్తుంచుకోండి. అన్ని దేశాల ప్లగ్గులూ పట్టే యూనివర్సల్ అడాప్టర్లు ప్రయాణంలో ఒకటి రెండు రోజులకు పనికివస్తాయి గానీ, నెలల తరబడి గోడకు ఉంచడానికి పనికిరావు. వాటిలో చాలావాటికి ఎర్త్ ఉండదు, ఫ్యూజు ఉండదు. ల్యాప్‌టాప్ ఇనుప రేకు మీద చెయ్యి పెడితే సన్నగా జివ్వుమని అనిపిస్తే చాలాసార్లు కారణం ఎర్త్ లేకపోవడమే. అడాప్టరు పట్టుకుంటే తేలికగా, బొమ్మలాగా ఉంటే, ప్లగ్గు పెట్టాక వేలాడుతూ ఉంటే కొనవద్దు. గల్ఫ్ దేశాలలో అమ్మే కరెంటు సామాను మీద నాణ్యతకు జీ-మార్క్ అనే గుర్తు ఉంటుంది. బకాలాలో కౌంటరు పక్కన బుట్టలో పోసి అమ్మే వాటి మీద అది ఉందో లేదో చూసి తీసుకోండి.

ఎక్స్‌టెన్షన్ బోర్డు లెక్క

ఒక గదిలో ఆరుగురు, ఎనిమిది మంది. గోడకు రెండు సాకెట్లు. ఇది మీ తప్పు కాదు. అందుకని ఎక్స్‌టెన్షన్ బోర్డుకు ఇంకో ఎక్స్‌టెన్షన్, దానికి మరొకటి తగిలిస్తారు. ఇక్కడ ఒక చిన్న లెక్క నేర్చుకుంటే చాలా ప్రమాదాలు తప్పుతాయి.

13 యాంపియర్ల బోర్డు మొత్తం మీద సుమారు 3000 వాట్లు మోయగలదు. అదీ వైరు మంచిదైతేనే. ఫోను చార్జరుకు 10 నుండి 30 వాట్లు చాలు. ల్యాప్‌టాప్‌కు సుమారు 65. అంటే ఎనిమిది ఫోన్లు, రెండు ల్యాప్‌టాప్‌లు కలిపినా 400 వాట్లు దాటవు. కానీ కెటిల్‌కు 1500 నుండి 2000. ఇండక్షన్ స్టవ్వుకు 2000. రైస్ కుక్కరుకు 500 నుండి 700. ఇస్త్రీపెట్టెకు 1000 పైన. ఫోన్లు ఉన్న బోర్డులోనే కెటిల్, కుక్కరు, స్టవ్వు పెడితే 4000 దాటిపోయింది. వైరు లోపల మెత్తబడిపోతుంది. బోర్డు మంచం కింద పరుపుకు ఆనుకుని ఉంటుంది కాబట్టి మంట కనబడేసరికే ఆలస్యమవుతుంది.

కాబట్టి ఫోన్ల బోర్డులో ఫోన్లే పెట్టండి. వేడి చేసే సామాను ఏదైనా నేరుగా గోడ సాకెట్టులోనే, ఒకసారికి ఒకటే. గదిలో వంట చేయడం చాలా క్యాంపులలో నిషేధం అని మీకూ తెలుసు, మాకూ తెలుసు. చేసేవారు చేస్తూనే ఉంటారని కూడా తెలుసు. వంటకు వేరే చోటు ఉంటే అక్కడే చేసుకోండి. లేకపోతే కనీసం ఈ లెక్కైనా పాటించండి.

బోర్డుకు బోర్డు తగిలించవద్దు. చుట్టగా ఉండే వైరును చుట్టలోనే ఉంచి వాడవద్దు, మొత్తం విప్పాలి, లేకపోతే వేడి లోపలే ఉండిపోతుంది. వైరును తలుపు కింద నుండి, ఇనుప మంచం కాళ్ళ మధ్య నుండి లాగకండి. మంచం కదిలినప్పుడల్లా వైరు తోలు నలిగి ఒకరోజు మంచమంతా కరెంటు అవుతుంది. తేమ ఉన్న నేల మీద చెప్పులు లేకుండా ఆ మంచాన్ని పట్టుకున్నవాడి సంగతి వేరే చెప్పనక్కరలేదు.

మెయిన్ బోర్డులో ఒక స్విచ్చు మాటిమాటికీ పడిపోతుంటే దానిని తిట్టుకుంటూ పైకెత్తి టేపు వేసి ఉంచడం చూస్తుంటాము. ఎక్కడో కరెంటు కారుతోందని ఆ స్విచ్చు మీకు చెబుతోంది. అన్ని ప్లగ్గులూ తీసి, ఒక్కొక్కటిగా పెట్టి చూడండి. ఏది పెట్టినప్పుడు పడుతుందో అదే పాడైన వస్తువు. ఏదీ పెట్టకపోయినా పడుతుంటే తప్పు గోడ వైరింగ్‌లో ఉంది. అప్పుడు మీరు చెయ్యి పెట్టవద్దు. మీలో ఎలక్ట్రీషియన్ పని తెలిసినవారు ఉన్నా, క్యాంపు భవనంలో పని చేసే బాధ్యత కంపెనీ మెయింటెనెన్స్ వారిది.

2024 జూన్ 12 తెల్లవారుజామున కువైట్‌లోని మంగాఫ్‌లో కార్మికులు ఉండే భవనంలో జరిగిన అగ్నిప్రమాదం మీలో చాలామందికి గుర్తుంటుంది. 40 మందికి పైగా భారతీయులు చనిపోయారు. అందులో ఆంధ్రప్రదేశ్ వారు ముగ్గురు. కింది అంతస్తులో నాతూర్ గదిలో షార్ట్ సర్క్యూట్ వల్ల మంట మొదలైందని అక్కడి అగ్నిమాపక శాఖ తెలిపింది. పై అంతస్తులలో నిద్రపోతున్నవారిలో చాలామందిని తీసుకుపోయింది మంట కాదు, పొగ. మీరు ఉండే భవనంలో మెట్లు ఎటు ఉన్నాయి, మేడ మీది తలుపుకు తాళం ఉందా, రెండో దారి ఉందా అన్నది ఈ రోజే ఒకసారి నడిచి చూసుకోండి. మెట్ల మీద పాత పరుపులు, డబ్బాలు పెట్టి ఉంటే తీయించండి.

బ్యాటరీ, వేడి

ఫోనులోనూ ల్యాప్‌టాప్‌లోనూ పవర్ బ్యాంకులోనూ ఉండేది లిథియం బ్యాటరీ. దానికి బద్ధశత్రువు వేడి. చార్జింగ్ అయ్యేటప్పుడు బ్యాటరీ 45 డిగ్రీలు దాటకూడదు. ఎండాకాలం ఇక్కడ గాలే 45 దాటుతుంది. సైటులో రేకు మీద పెట్టిన ఫోను, మూసి ఉన్న బస్సులో వదిలిన ఫోను ఎంత వేడెక్కుతాయో చెప్పనక్కరలేదు. యూఏఈలో ప్రతి ఏటా జూన్ 15 నుండి సెప్టెంబరు 15 వరకు మధ్యాహ్నం 12:30 నుండి 3 వరకు ఎండలో పని చేయించకూడదని నియమం. మనిషికి నీడ అవసరమైన వేళ ఫోనుకూ అవసరమే.

ఎండలో నుండి వచ్చి వేడిగా ఉన్న ఫోనును వెంటనే చార్జింగ్‌కు పెట్టవద్దు. కవరు తీసి పావుగంట చల్లారనివ్వండి. ఫ్రిజ్‌లో పెడతారు కొందరు. అలా చేస్తే లోపల నీటి చెమ్మ పడుతుంది.

రాత్రి చార్జింగ్ పెట్టి ఫోను దిండు కింద పెట్టుకుని పడుకోవడం అందరికీ ఉన్న అలవాటు. దొంగతనం భయం, పొద్దున అలారం, ఇంటినుండి ఫోను వస్తుందేమో అన్న ఆశ, కారణాలు మాకు తెలుసు. కానీ దిండు కింద వేడి బయటికి పోదు. గట్టి చోట, గాలి తగిలే చోట పెట్టండి. మంచం పక్కన ఒక చెక్క పలక మేకు కొట్టించుకున్నా చాలు. వీలైతే పడుకునే ముందే చార్జింగ్ పూర్తి చేసుకోండి.

ఫోను వెనక రేకు ఉబ్బినా, పవర్ బ్యాంకు పొట్ట లేచినా, తియ్యటి మందు వాసన లాంటిది వచ్చినా ఇక దాని పని అయిపోయినట్టే. చార్జింగ్ పెట్టవద్దు, నొక్కవద్దు, పిన్నుతో పొడవవద్దు. చెత్తబుట్టలోనూ వేయవద్దు. మొబైల్ షాపులో గానీ, మాల్‌లో బ్యాటరీల కోసం పెట్టిన డబ్బాలో గానీ ఇవ్వండి. బ్యాటరీ మార్పించేటప్పుడు మరీ చవకది అడగకండి. పాత బ్యాటరీకి కొత్త కాగితం అంటించి అమ్మేవారు అన్ని ఊళ్ళలోనూ ఉన్నారు.

విమానంలో

పవర్ బ్యాంకు ఎప్పుడూ చేతి సంచిలోనే ఉండాలి. లగేజిలో వేసే కార్టన్‌లో, సూట్‌కేసులో పెట్టకూడదు. ఈ నియమం అన్ని విమానాలకూ ఉంది. కారణం సులువు. పైన మంట వస్తే సిబ్బంది ఆర్పగలరు, కింద సామాను గదిలో వస్తే ఎవరూ చూడలేరు. 2025 జనవరి 28న దక్షిణ కొరియాలో ఎయిర్ బుసాన్ విమానం ఇంకా నేల మీద ఉండగానే తగలబడింది. దానికి కారణం పై అరలో ఉన్న పవర్ బ్యాంకు కావచ్చని దర్యాప్తు చేసినవారు చెప్పారు. అందరూ ప్రాణాలతో బయటపడ్డారు.

పవర్ బ్యాంకు ఎంత పెద్దది తేవచ్చో లెక్క ఇది. దాని మీద ఎంఏహెచ్ అని 10,000 లేక 20,000 వంటి అంకె ఉంటుంది. దానిని 3.7 తో గుణించి 1000 తో భాగిస్తే వాట్ అవర్లు వస్తాయి. 10,000 ది 37 వాట్ అవర్లు. 20,000 ది 74. 30,000 ది 111. వంద వరకు మామూలుగా అనుమతి ఉంది. వంద నుండి 160 వరకు విమాన కంపెనీ ముందుగా ఒప్పుకోవాలి. ఆపైన ప్రయాణికులకు అసలు లేదు. అంకె చెరిగిపోయిన పవర్ బ్యాంకును కూడా సెక్యూరిటీ వారు తీసేసుకోవచ్చు, గొడవ పెట్టుకోవద్దు. ఎమిరేట్స్ విమానాలలో 2025 అక్టోబరు 1 నుండి ఒక్కొక్కరికి వంద వాట్ అవర్ల లోపు ఒకటే అనుమతి. అదీ విమానంలో వాడకూడదు, పై అరలో పెట్టకూడదు, సీటు జేబులోనో సీటు కిందో ఉంచుకోవాలి. మిగతా కంపెనీల నియమాలు ఒక్కొక్కరివి ఒక్కోలా ఉన్నాయి. టికెట్ తీసుకునేటప్పుడే అడగండి.

ల్యాప్‌టాప్ కూడా చేతిలోనే తీసుకెళ్ళడం మంచిది. లగేజిలో వేయక తప్పకపోతే పూర్తిగా ఆపివేసి, బట్టల మధ్య చుట్టి పెట్టాలి. మూత మూసి నిద్రలో ఉంచడం ఆపివేయడం కాదు. విడి బ్యాటరీలుంటే వాటి కొనలకు టేపు వేసి చేతి సంచిలో పెట్టుకోండి.

ఊరికి వెళ్తున్నారని తెలిస్తే తోటివారు పార్శిళ్ళు ఇస్తారు. "అన్నా, మా తమ్ముడికి ఒక చిన్న పవర్ బ్యాంకు" అని చుట్టి ఇస్తారు. విప్పి చూడకుండా ఏదీ కార్టన్‌లో వేయకండి. దాని కోసం స్క్రీనింగ్‌లో మిమ్మల్ని వెనక్కి పిలిచి తాళ్ళు కోసి కార్టన్ విప్పిస్తే, విమానం మీ కోసం ఆగదు. సీటు సందులో ఫోను పడిపోతే సీటును ముందుకు వెనక్కి కదపకండి, నలిగితే బ్యాటరీ అంటుకుంటుంది. సిబ్బందిని పిలవండి.

షాక్ కొట్టినా, మంట వచ్చినా

కరెంటు పట్టుకున్న మనిషిని చేతితో లాగవద్దు. ముందు మెయిన్ స్విచ్చు ఆపండి. అది దొరకకపోతే పొడి కర్రతో, ప్లాస్టిక్ కుర్చీతో అతన్ని నెట్టి విడిపించండి. ప్లగ్గులో ఉన్న వస్తువు మీద నీళ్ళు పోయవద్దు. స్విచ్చు ఆపాక, చేతనైతేనే ఆర్పండి. గదిలో పొగ నిండుతుంటే సామాను, పాస్‌పోర్టు కోసం ఆగకుండా అందరినీ లేపుకుంటూ వంగి నడిచి బయటికి రండి, తలుపు మూసి రండి. పాస్‌పోర్టు పోతే కొత్తది ఇవ్వగలము.

యూఏఈలో అగ్నిమాపక శాఖకు 997, అంబులెన్సుకు 998, పోలీసుకు 999. సౌదీలో అగ్నిమాపక శాఖకు 998. కువైట్‌లో అన్నిటికీ 112. ఖతర్, బహ్రెయిన్‌లలో 999. ఒమన్‌లో 9999. భాష రాకపోయినా ఫోను చేసి చోటు పేరు చెప్పండి. మీ క్యాంపు పేరు, వీధి, బిల్డింగ్ నంబరు ఇంగ్లీషులోనో అరబ్బీలోనో పలకడం ముందే నేర్చుకుని, గోడ మీద రాసి పెట్టుకోండి.

కాలిన సాకెట్టు, వేలాడే వైరు, పనిచేయని పొగ అలారం ఉంటే ఫోటో తీసి క్యాంపు బాస్‌కు వాట్సాప్‌లో పంపండి. నోటితో చెప్పినదానికి సాక్ష్యం ఉండదు, పంపిన ఫోటోకు తేదీ ఉంటుంది. ఒక్కరు కాకుండా గదిలో అందరూ పంపితే ఇంకా మంచిది. వారంలోగా పట్టించుకోకపోతే యూఏఈలో కార్మిక శాఖకు 600590000 కు ఫోను చేయవచ్చు. ప్రవాసీ భారతీయ సహాయత కేంద్రానికి 80046342 కు చేస్తే డబ్బు పడదు. మిగతా దేశాలలో ఉన్నవారు అక్కడి భారత రాయబార కార్యాలయంలో సంక్షేమ విభాగానికి గానీ, మదద్ పోర్టల్‌లో గానీ ఫిర్యాదు ఇవ్వండి. ఫోటోలు, పంపిన తేదీలు వెంట ఉంచుకోండి.

ఈసీఆర్ పాస్‌పోర్టుతో ఎమిగ్రేషన్ క్లియరెన్సు తీసుకుని వచ్చినవారికి ప్రవాసీ భారతీయ బీమా యోజన ఉంటుంది. ప్రమాదంలో చనిపోయినా, శాశ్వతంగా పని చేయలేని స్థితి వచ్చినా 10 లక్షల రూపాయలు. రెండేళ్ళకు 275, మూడేళ్ళకు 375 రూపాయల ప్రీమియం. చాలామంది ఏజెంటు కట్టిన ఆ పాలసీ కాగితం చూసి కూడా ఉండరు. దాని నంబరు, గడువు తేదీ, నామినీగా ఎవరి పేరు ఉందో చూసుకుని, ఫోటో తీసి ఇంటికి పంపండి. మీ ఫోనులో మాత్రమే ఉంచుకోకండి.